మామయ్యగారి సీసం గుళ్ళు

మా మామయ్యగారికి విసురు వలంటే ప్రాణం. మాది చేపలు పట్టి బతికే ఇల్లేం కాదు. ఆయన గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. అయినా కోనసీమలో కాలవ గట్టున ఇల్లుండి సాయంత్రం వల భుజాన వేసుకుని వెళ్ళకపోతే ఆయనకి అన్నం సయించదు. పట్టేది నాలుగు జెల్లలు, రెండు బొమ్మిడాయిలు. తినేది తక్కువ, వీధిలో పంచేది ఎక్కువ.

వల గొడుగులా విచ్చుకుని నీళ్ళలో పడి గబుక్కున అడుక్కి దిగాలంటే అంచు చుట్టూ సీసం గుళ్ళుండాలి. పెద్ద వలకి మూడు నాలుగు కిలోల సీసం పడుతుంది. బజార్లో గుళ్ళు దొరుకుతాయి. కానీ "అవి తేలికమ్మా, వల నిలబడదు" అంటూ ఆయన సొంతంగా పోసుకునేవారు. పెరట్లో కొట్టం పక్కన మూడు ఇటికలు, బొగ్గులు, ఒక పాత ఇనప మూకుడు, కమ్మరి చేసిచ్చిన రెండు బద్దల అచ్చు. కరిగిన సీసం గరిటెతో అచ్చులో పోసి, కాసేపాగి విప్పితే గుండు సిద్ధం. మధ్యలో తాడు దూరడానికి కన్నం కోసం ముందే ఒక మేకు పెట్టేవారు.

చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. సీసం 327 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. ఇనుములా ఎర్రబడదు, నీళ్ళలా మరగదు. మూకుట్లో అద్దం పెట్టినట్టు తళతళలాడుతూ ఉంటుంది. భయం వేయకపోవడానికి కారణం అదే అనుకుంటాను. పిల్లలు చుట్టూ చేరి కూర్చునేవాళ్ళు.

రెండేళ్ళ కిందట కార్తీకంలో మేం కాకినాడ నుంచి వెళ్ళినప్పుడు జరిగిందిది. మెకానిక్ షాపు నుంచి తెచ్చిన సీసం ముక్కలు చూరు కింద పోసి ఉన్నాయి. రాత్రి వాన పడింది. పొద్దున్న ఎండ కాసేసరికి ముక్కలు పైకి పొడిగానే కనిపించాయి. కానీ మడిచిన రేకు ముక్క ఒకదాని మడతలో కాసిని నీళ్ళు ఉండిపోయాయి. మామయ్యగారు దాన్ని కరిగిన సీసంలో వేశారు. దీపావళికి మిగిలిపోయిన టపాకాయ ఎవరో పేల్చారనుకున్నాను నేను. పరుగెత్తి వెళ్తే గోడ మీద, చూరు పెంకుల మీద, ఆయన లుంగీ మీద వెండి చుక్కలు. ముంజేతి మీద మూడు చోట్ల, పాదం మీద ఒక చోట కాలింది. కళ్ళజోడు అద్దం మీద రెండు చుక్కలు గడ్డకట్టి అతుక్కుపోయి ఉన్నాయి. ఆ జోడు చదువుకునేటప్పుడు తప్ప పెట్టుకోరాయన. ఆ రోజు పేపరు చదువుతూ లేచి వచ్చారు కాబట్టి అది కళ్ళ మీద ఉంది.

నీళ్ళు ఆవిరైతే దాదాపు 1700 రెట్లు పెరుగుతాయి. చుక్క పైన పడితే చుయ్యిమని ఎగిరిపోతుంది. సీసం అడుగున చిక్కుకుంటే దానికి దారి లేదు, పైనున్న సీసాన్నంతా ఎగజిమ్ముకుంటూ రావాల్సిందే. తడి ముక్కే కానక్కర్లేదు, చెమ్మ పట్టిన అచ్చయినా, చల్లటి గరిటె మీది తేమయినా చాలు.

ఇంట్లో అందరూ ఆ రోజు నేర్చుకున్న పాఠం "నీళ్ళతో జాగ్రత్త" అని. నాకు మాత్రం నీళ్ళ కన్నా వేరే భయం పట్టుకుంది. పేలితే చప్పుడవుతుంది, అందరూ చూస్తారు. చప్పుడు లేనిది ఏం చేస్తోందో ఎవరు చూస్తున్నారు? మా మరిది కొడుక్కి అప్పుడు మూడేళ్ళు. గుళ్ళని గోలీల్లా ఆడుకునేవాడు, నోట్లో పెట్టుకునేవాడు. మా తోటికోడలికి నాలుగో నెల. రోజూ ఆ కొట్టం ఊడ్చేది తనే, ఆ లుంగీలు ఉతికేది తనే. మామయ్యగారు గాలానికి కట్టే చిన్న గుళ్ళని పంటితో నొక్కి బిగించేవారు. ఇక ఆ మూకుడు! అత్తయ్యగారు దాన్ని బూడిదతో తోమి, చింతపిక్కలు వేయించడానికి మళ్ళీ వంటింట్లో పెట్టేవారు.

నేను చెప్పాను. "సీసం ఒంట్లోకి పోతే అంత తొందరగా బయటికి రాదు మామయ్యగారూ, ఎముకల్లో ఏళ్ళ తరబడి దాక్కుంటుంది, పిల్లల మెదడుకి చేటు" అన్నాను. ఆయన నవ్వారు. "మా నాన్న పోశాడు, నేను పోశాను, మా మెదళ్ళకేమైంది? నువ్వు తెలుగు బీయ్యే కదమ్మా" అన్నారు. కోపంగా కాదు, ముద్దుగానే. ముద్దుగా అన్న మాటకి జవాబు చెప్పడం ఇంకా కష్టం. మా ఆయన పేపర్లో తలదూర్చారు. మరిది వాళ్ళ నాన్న ముందు నోరెత్తడు. పెద్ద కోడలు పండక్కొచ్చి ఇల్లు దిద్దడం మొదలెట్టిందనే మాట రాకముందే ఆగిపోయాను, ఆ పూటకి.

మా ఆడపడుచు టెక్సస్‌లో ఉంటుంది. కాలిన చేతులు చూడాలని వీడియో కాల్ చేసి, సంగతి విని, "మా పక్కింటాయన గరాజ్‌లో తుపాకీ గుళ్ళు పోస్తాడు నాన్నా, అడిగి చూద్దాం" అంది. అక్కడ చాలామందికి అదొక హాబీ అట. వల గుండైనా తుపాకీ గుండైనా మన భాషలో ఒకటే మాట, పోసే పద్ధతీ అదే. తర్వాతి ఆదివారం ఆ పెద్దాయన ఫోన్లోనే తన గరాజంతా తిప్పి చూపించాడు. అల్లుడుగారు మధ్యలో తెలుగు చేసి చెప్పారు.

తలుపు బార్లా తీసి ఉంచుతాడట. ఫ్యాను పొగని తన మొహం మీది నుంచి కాక బయటికి నెట్టేటట్టు పెట్టుకుంటాడు. మొహానికి పారదర్శకమైన తొడుగు, తోలు చేతొడుగులు, పాదం మూసే బూట్లు. కొత్త ముక్క ఏదైనా నేరుగా వేయడు, కుండ అంచు మీద వేడెక్కనిచ్చి అప్పుడు వేస్తాడు. నీళ్ళ సీసా, కాఫీ కప్పు ఆ గదిలోకి రానే రావు. పైన తేరిన తెట్టు తీసి మూత ఉన్న డబ్బాలో వేస్తాడు, ఎందుకంటే అసలు ప్రమాదం కరిగిన సీసం పొగలో కన్నా ఆ బూడిద ధూళిలోనూ, కడుక్కోని చేతుల్లోనూ ఎక్కువట. మరీ కాగబెడితే పొగా ప్రమాదమే. పని బట్టలు విడిగా ఉతుకుతాడు. మనవలు తలుపు దగ్గర గీసిన గీత దాటకూడదు. పాత బ్యాటరీ పలకలు మాత్రం ఎంత చవగ్గా వచ్చినా ముట్టడు, వాటిలో సీసం కన్నా విషపు పొడే ఎక్కువ.

పంటితో నొక్కే సంగతి మామయ్యగారే అమాయకంగా అడిగారు. ఆయన తల పట్టుకోవడం ఫోన్లో మాకందరికీ కనిపించింది.

కోడలు చెబితే నవ్వొచ్చిన మాటే తుపాకీ దొర చెబితే వేదమైంది. నేనేమీ అనుకోలేదు. (కొంచెం అనుకున్నాను.) అదే ఊపులో పిల్లాడికీ తోటికోడలికీ రక్త పరీక్ష చేయించాలన్నాను. ఈసారి నాకు తోడొచ్చింది అత్తయ్యగారు. "పిల్లాడి విషయంలో నీ పట్టుదల ఏవిటి" అని భర్తని ఒక్క మాటన్నారు, అంతే.

తోటికోడలికి తక్కువే వచ్చింది. పిల్లాడికి డెసిలీటరుకి 12 మైక్రోగ్రాములు. 5 దాటితే కారణం వెతికి తీసెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అమెరికాలో 2021 నుంచి 3.5 దాటినా పట్టించుకుంటున్నారు. ఇంత వరకైతే బెంగ లేదనే అంకె మాత్రం ఎవరూ చెప్పలేదు. డాక్టరుగారు మందులేం రాయలేదు. ఈ స్థాయికి మందు కారణాన్ని ఆపడమేనన్నారు. ఇనుము, కాల్షియం బాగా ఉన్న తిండి పెట్టమన్నారు, అవి తక్కువైన పిల్లల ఒళ్ళు సీసాన్ని ఇంకా ఎక్కువ పీల్చుకుంటుందట.

ఆ రాత్రి మామయ్యగారికి డకార్ సంగతి చెప్పాను. సెనెగల్ దేశపు రాజధాని శివారులో సముద్రపొడ్డున థియారోయ్ అని మన ఊళ్ళలాగే చేపలు పట్టే ఊరు. పాత బ్యాటరీల సీసం కలిసిన మట్టిని అక్కడి జనం ఇళ్ళకి తెచ్చుకుని జల్లించి అమ్ముకున్నారు. 2007 నవంబరు నుంచి 2008 మార్చి లోపల 18 మంది పిల్లలు పోయారు. కరిగించినవాళ్ళకి పిల్లల మీద ప్రేమ లేక కాదు కదా అన్నాను. ఆయన మాట్లాడలేదు. పొద్దున్నే లేచేసరికి మూకుడు వంటింట్లో లేదు.

తర్వాత పని చాలా ఉంది. మిగిలిన సీసం, తెట్టు బ్యాటరీ డీలరుకి ఇచ్చేశారు. కొట్టం నేలని చీపురుతో ఊడిస్తే ధూళి లేస్తుందని తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డలు పారేశాం. పెరటి మట్టి తీయించి ఎక్కడ పోయించాలన్నది తగువైంది. ఇంకొకరి వాకిట్లోకి తోయడం కన్నా నయమని అక్కడే సిమెంటు గచ్చు చేయించాం. కొట్టం పక్కనున్న గోంగూర మడి ఆ గచ్చు కింద పోయింది. అత్తయ్యగారు ఏడ్చినంత పని చేశారు. ఇప్పుడు మేడ మీద గోనెసంచుల్లో కొత్త మట్టి పోసి పెంచుతున్నారు. దానికా పులుపు లేదని వెళ్ళిన ప్రతిసారీ నాకే చెబుతారు.

ఆర్నెల్లకి 12 కాస్తా 8 అయింది, ఏడాదికి 5. లాబుకి పిల్లాణ్ణి తీసుకెళ్ళేది మామయ్యగారే. గుమాస్తా చేతిరాతతో తారీఖు, అంకె తన పద్దుల పుస్తకంలో రాసుకుంటారు, ధాన్యం లెక్కల కింద. వలకి బజారు గుళ్ళే కట్టించారు, తేలికని ఇప్పటికీ సణుగుతారు. తన రక్తం మాత్రం ఇవ్వనంటారు. "డెబ్భై నాలుగేళ్ళొచ్చాక ఏ అంకె వస్తే ఏంటమ్మా" అంటారు. శ్రావణంలో పిల్లాడికి మళ్ళీ పరీక్ష ఉంది. ఆ రోజు ఎలాగూ లాబులోనే కూర్చుంటారు కదా, అక్కడే చెయ్యి పట్టుకుంటానంటున్నారు అత్తయ్యగారు.