కప్పబడిన ముఖం

పెద్దమ్మాయి ఉపకార వేతనానికి ఆదాయ ధ్రువీకరణ పత్రం కావలసి వచ్చి, ఆ మధ్య మేమిద్దరం తహసీల్దారు కార్యాలయానికి వెళ్లాము. వరుస కదలడం లేదు. ఏమీ తోచక ఎదుటి గోడను చదవసాగాము. ఒక కాగితం మీద, పైన ‘తప్పిపోయిన బాలుడు’ అన్న అక్షరాలు, కింద ఫోన్ నంబరు కనిపిస్తున్నాయి. మధ్యన ఉండవలసిన ముఖం రేషన్ కార్డుల ప్రకటన చాటున ఉండిపోయింది.

అంచు ఎత్తి చూశాము. ఆరేళ్ల బాబు. వెలిసిపోయిన నీలి చొక్కా. తప్పిపోయి తొమ్మిదేళ్లు. అంటే ఇప్పుడు పదిహేనేళ్లవాడు, సరిగ్గా మా రెండోవాడి ఈడు.

మా వాడు కూడా ఒకసారి, ఈద్‌కు రెండు రోజుల ముందు, చార్మినార్ దగ్గర బజారులో నలభై నిమిషాలు కనబడకుండా పోయాడు. సుర్మా అమ్మే ఒక పెద్దాయన తన బండి మీద కూర్చోబెట్టుకొని ఉండగా దొరికాడు. ఆ నలభై నిమిషాల గురించి మేము ఇప్పటికీ ఇంట్లో మాట్లాడుకోము.

గుమాస్తాను అడిగితే, “అది పాతదండీ, ఇంకా ఎవరు చూస్తారు?” అన్నాడు. హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) గుర్తుకు వచ్చారు. ఏళ్లు గడిచి, దుఃఖంతో కళ్లు తెల్లబడిన తరువాత కూడా ఆయన యూసుఫ్‌ను వెదకమనే కుమారులను పంపారు. అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందవద్దన్నారు. ఆయన పాతదని అనుకోలేదు.

తప్పిపోయిన ప్రతి బిడ్డ విషయంలోనూ కేసు నమోదు చేయాలని సుప్రీంకోర్టు 2013లోనే ఆదేశించింది. 1098కి ఎవరైనా ఫోన్ చేయవచ్చు. ఇవన్నీ ఉన్నాయి. అయితే బిడ్డను గుర్తుపట్టవలసింది పక్కింటి కళ్లే. 2015 జనవరిలో హైదరాబాద్ పాతబస్తీ గాజుల కార్ఖానాల నుండి పోలీసులు రెండు వందల మందికి పైగా పిల్లలను విడిపించారు. ఎక్కువమంది బీహార్ పిల్లలు. ఆ గల్లీలు మనవే. నమాజుకు వెళ్తూ ఆ తలుపుల ముందు నుండే నడిచాము. లోపల ఎవరి పిల్లలు ఉన్నారని మేమూ అడగలేదు.

రేషన్ ప్రకటనను తీసి పక్కన అతికించాము. గుమాస్తా చూశాడు గాని, ఏమీ అనలేదు.

వారం తరువాత పత్రం తీసుకోవడానికి వెళ్లినప్పుడు, ఆ కాగితం ముందు ఒక ముసలామె నిలబడి ఉంది. “ఏం రాశారు బిడ్డా, చదివి చెప్పండి” అన్నది. చదివాము. ఊరి పేరు రెండుసార్లు చదివించుకుంది.