ఒంటరి ఆట

క్రికెట్‌లో ఒకరి పొరపాటును జట్టులోని మరొకరు సరిదిద్దవచ్చు. బాడ్మింటన్ సింగిల్స్‌లో ఆ వీలు లేదు. 6.7 మీటర్ల పొడవు, 5.18 మీటర్ల వెడల్పు గల తన వైపు కోర్టునంతటినీ ఆటగాడు ఒక్కడే కాపాడుకోవాలి. గెలుపూ ఓటమీ పూర్తిగా అతనివే. పైగా ఆ క్రీడాజీవితం చాలా చిన్నది. తోటివారు ఉద్యోగాలలో స్థిరపడే ముప్పై ఏళ్ల వయసుకే ఆటగాడి మోకాళ్లు అలసిపోతాయి. ఇంత స్వల్పకాలిక వృత్తికి బాల్యాన్ని ధారపోయడం వివేకమేనా? ఈ సందేహం నన్ను చాలాకాలం వెంటాడింది. పుల్లెల గోపీచంద్ జీవితాన్ని తెలుసుకున్నాక దానికి సమాధానం దొరికింది.

గోపీచంద్ 1973లో ప్రకాశం జిల్లా నాగండ్లలో జన్మించారు. 1994లో డబుల్స్ ఆడుతుండగా ఆయన మోకాలికి తీవ్రమైన గాయమైంది. శస్త్రచికిత్సలు తప్పలేదు. ఆట ఇక ముగిసినట్లేనని ఎవరైనా అనుకోదగిన స్థితి అది. ఆయన మాత్రం పట్టు విడువక 1996లో జాతీయ విజేతగా నిలిచారు. 2001 మార్చిలో బర్మింగ్‌హామ్‌లో జరిగిన ఆల్ ఇంగ్లండ్ పోటీలలో సెమీఫైనల్‌లో డెన్మార్క్ మేటి ఆటగాడు పీటర్ గేడ్‌ను, ఫైనల్‌లో చైనాకు చెందిన చెన్ హాంగ్‌ను ఓడించారు. 1980లో ప్రకాశ్ పదుకొనే సాధించిన ఆ టైటిల్ ఇరవై ఒక్క ఏళ్ల తరువాత మళ్లీ భారతదేశానికి దక్కింది. ఆ విజయం తెచ్చిన పేరును ఆయన సొమ్ము చేసుకోలేదు. ఆరోగ్యానికి హానికరమని భావించి శీతల పానీయాల ప్రకటనలో నటించడానికి నిరాకరించారు.

ఆయన జీవితంలో నన్ను మరింతగా ఆకట్టుకున్నది ఆ తరువాతి ఘట్టం. హైటెక్ సిటీ పరిసరాలలో అద్దాల భవనాలు లేస్తున్న రోజులలో, ప్రభుత్వం గచ్చిబౌలిలో ఇచ్చిన స్థలంలో ఆయన అకాడమీ నిర్మాణానికి పూనుకున్నారు. నిధుల కోసం సొంత ఇంటిని తాకట్టు పెట్టారు, దాతలూ చేయూతనిచ్చారు. 2008లో అకాడమీ ప్రారంభమైంది. తెల్లవారకముందే అక్కడ సాధన మొదలయ్యేది. ఆయన శిక్షణలో సైనా నెహ్వాల్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యాన్ని, పి.వి. సింధు 2016 రియో ఒలింపిక్స్‌లో రజతాన్ని గెలుచుకున్నారు. డబుల్స్ ఆడుతున్న కిదాంబి శ్రీకాంత్‌ను సింగిల్స్ వైపు మళ్లించినదీ ఆయనే. శ్రీకాంత్ 2017లో నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్లు సాధించి, 2018 ఏప్రిల్‌లో ప్రపంచ ప్రథమ స్థానాన్ని అందుకున్నాడు. తరువాత గాయాలు, వరుస పరాజయాలు అతణ్ణి కుంగదీశాయి. అయినా 2021లో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్ చేరిన తొలి భారతీయ పురుషుడయ్యాడు.

ఆ కోర్టులలో చెమటోడ్చిన వారందరికీ పతకాలు దక్కలేదు. దక్కవు కూడా. కానీ ఓడిన మరునాడు మళ్లీ రాకెట్ పట్టుకొని రావడం వారందరూ నేర్చుకున్నారు. ఏ వృత్తిలో ప్రవేశించినా ఆ అలవాటు వారిని విడిచిపోదు. సింగిల్స్ ఆటగాడు కోర్టులో ఒంటరే కావచ్చు. అతణ్ణి అక్కడ నిలబెట్టడానికి మాత్రం తనకంటే ముందు ఆడినవాడొకడు ఇల్లు తాకట్టు పెట్టవలసి వచ్చింది.