వాయిదాకు మూఢం లేదు

మా ఇంట్లో ఫ్రిజ్ పక్కన మేకుకు ఒక పలక వేలాడుతుంటుంది. మార్కాపురం పలకే, చెక్క ఫ్రేము, ఒక మూల పెచ్చు లేచింది. దాని మీద బలపంతో నాలుగు అంకెలు: 3, 5, 5, 12. మూడున ఇంటర్నెట్, ఐదున కెమెరా వాయిదా, ఐదునే బండి వాయిదా, పన్నెండున ఎల్ఐసీ. ఇంటికొచ్చిన చుట్టాలు పిల్లల లెక్కలనుకుంటారు.

నేను పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తాను. గిద్దలూరు, కంభం, బేస్తవారిపేట, తర్లుపాడు, ఎవరు పిలిస్తే అటు. మాఘ, ఫాల్గుణాల్లో కన్ను మూతపడదు. ఆషాఢం వచ్చిందా, కెమెరాకు గుడ్డ కప్పాల్సిందే. పురోహితుడికీ, మేళగాళ్లకూ, వంటవాళ్లకూ, నాకూ ఒకటే పంచాంగం. కెమెరాకు అప్పిచ్చిన ఫైనాన్స్‌వాళ్ల గోడకు మాత్రం ఆ పంచాంగం లేదు.

పోనీ పని చేసిన రోజు డబ్బు చేతికొస్తుందా? "ఆల్బమ్ ఇచ్చేటప్పుడు చూద్దాంలే అన్నా" అంటారు. ఆల్బమ్‌కు ఫొటోలు ఎంచడానికి పెళ్లికూతురు అత్తారింటి నుంచి రావాలి. ఒక్కోసారి ఆల్బమ్ బాకీ తీరకముందే బారసాలకు పిలుస్తారు.

2024 వేసవి గుర్తుండే ఉంటుంది. ఏప్రిల్ ఆఖర్లో మూఢం పడి, మే, జూన్‌లలో పెళ్లి ముహూర్తాలే లేకుండా పోయాయి. మే 5 ఆదివారం. బ్యాంకుకు సెలవు కదా, సోమవారం లోపల ఎక్కడో ఒకచోట తెచ్చి వేద్దామని నిదానంగా ఉన్నాను. 2021 ఆగస్టు 1 నుంచి ఈ వాయిదాలు కోసే నాచ్ పద్ధతి ఆదివారాలూ పండగలూ చూడకుండా నడుస్తోందని నాకేం తెలుసు? వాయిదా 4,860, ఖాతాలో ఉన్నది 4,100. మనిషైతే ఉన్నకాడికి పట్టుకుపోయేవాడు. మిషను అట్లా కాదు, మొత్తం ఉంటేనే తీసుకుంటుంది. బౌన్సుకు బ్యాంకు 500, దాని మీద జీఎస్టీ 90. మూడు రోజులకు మళ్లీ పంపారు, మళ్లీ బౌన్సు, మళ్లీ 590. ఫైనాన్స్‌వాళ్ల జరిమానా వేరే. 760 రూపాయలు తక్కువైనందుకు బ్యాంకుకే 1,180 పోసుకున్నాను.

మా తాత కంది, సజ్జ వేసిన మెట్ట రైతు. మంగలికీ, కమ్మరికీ కల్లంలోనే మేర కొలిచేవాడు. పండిన ఏడు నిండుగా, ఎండిన ఏడు చేతిలో ఉన్నంత. ఆ రోజులే బాగున్నాయని నేననను. ఎండిన ఏడు కొట్టు పద్దుకు పడిన వడ్డీ గురించి మా అమ్మ చెబుతుంటే నా 590 పసిపిల్లలా కనిపిస్తుంది.

ఉపాయం కంభం చెరువు కట్ట మీద తట్టింది. ఈ మధ్య అందరికీ అక్కడే ప్రీవెడ్డింగ్ షూట్ కావాలి. గుండ్లకమ్మకు అడ్డంగా కొండల నడుమ కట్టిన చెరువు, రాయలవారి రాణి వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకుంటారు. 2020లో దానికి అంతర్జాతీయ నీటిపారుదల వారసత్వ గుర్తింపు కూడా వచ్చింది. ఈ కరువు సీమలో వాన పడేది నాలుగు రోజులు. తూము వదిలేది నెలల తరబడి. అబ్బాయి పంచె సర్దుకునేలోగా నాకు లెక్క కుదిరింది.

ఇంకో బ్యాంకులో ఖాతా తెరిచాను. మాఘంలో వచ్చినదాంట్లోంచి ముందు ఆరు నెలల వాయిదాలకు సరిపడా అందులో పోస్తాను. నాలుగు వాయిదాలూ అక్కడి నుంచే పోతాయి. దానికి యూపీఐ పెట్టలేదు, ఏటీఎం కార్డు మా ఆవిడ బీరువాలో ఉంటుంది. ఫోన్లో ఆటోపే అని ఉన్నచోట వెతికితే, ఎప్పుడో ఒక సినిమా కోసం ఒప్పుకున్న యాప్ నెలనెలా 149 తాగుతోంది. ముందురోజు మెసేజ్ వస్తూనే ఉంది, నేనే చూడలేదు. దాన్ని అప్పుడే పీకేశాను. కరెంటు బిల్లు మాత్రం చేత్తోనే కడతాను. ఎండాకాలం ఎంతొస్తుందో తెలియనిదానికి తాళంచెవి ఎట్లా ఇస్తాం?

చెరువన్నాక ఎండుతుంది కూడా. పోయిన శ్రావణంలో మొదటి ముహూర్తం వచ్చేసరికి ఆ ఖాతాలో 412 రూపాయలున్నాయి. అందుకే పలక మీద తేదీల కింద ఇంకో అంకె వేస్తున్నాను, ఎన్ని నెలలకు సరిపోతుందో.

"ఇంకెన్నాళ్లకు నీళ్లున్నాయిరా?" అని అడిగింది అమ్మ పొద్దున, కాఫీ ఇస్తూ.

ఐదో తేదీ. రెండున్నర తుడిచి ఒకటిన్నర అని రాశాను.