రెండు ప్రశ్నార్థకాలు

ఇల్లినాయ్ రాష్ట్రంలో హైస్కూలు చదరంగం ఒంటరి ఆట కాదు. జట్టుకు ఎనిమిది బోర్డులు. మొదటి బోర్డు గెలిస్తే 12 పాయింట్లు, రెండోది గెలిస్తే 11, అలా ఒక్కొక్కటే దిగుతూ ఎనిమిదో బోర్డుకు 5. మొత్తం 68లో సగం దాటినవాళ్ళదే మ్యాచ్. అంచేత ఓడిపోయిన పిల్ల తనొక్కతే ఓడదు, మిగతా ఏడుగురినీ వెంటబెట్టుకుని ఓడుతుంది.

మా అమ్మాయి పదో తరగతిలో నాలుగో బోర్డు ఆడేది. ఆ ఏడాది జనవరిలో ఒక మ్యాచ్‌లో, అవతలి కుర్రాడి కంటే ఒక గుర్రం ఎక్కువే ఉండగా, చేజేతులా మంత్రిని పోగొట్టుకుంది. జట్టు నాలుగు పాయింట్ల తేడాతో ఓడింది. "ఇంక ఆడను నాన్నా" అంది కారెక్కగానే. వాళ్ళమ్మ "పోనీలేమ్మా, ఆటే కదా" అనేసరికి ఏడుపు రెట్టింపయింది.

ఇంటికొచ్చి ఆటనంతా కంప్యూటర్లోకి ఎక్కించింది. ఉచితంగా దొరికే స్టాక్‌ఫిష్ ఇవాళ ఎంతటి ప్రపంచ ఛాంపియన్‌నైనా ఓడిస్తుంది. అది క్షణంలో 27వ ఎత్తు తప్పని తేల్చి, పక్కన రెండు ప్రశ్నార్థకాలు పెట్టింది. చదరంగం రాతలో ఘోరమైన పొరపాటుకు గుర్తు అదే. వెయ్యాల్సిన ఎత్తేదో కూడా చూపించింది. కానీ పావు మీంచి చెయ్యి తీసిన మరుక్షణమే ఆ సంగతి మా అమ్మాయికి తెలిసిపోయిందట. తెలిసినదాన్నే యంత్రం మళ్ళీ చెబితే ఏం లాభం?

వాళ్ళ కోచ్ ఆ బడిలోనే లెక్కల మాస్టారు. ఆయన పద్ధతి వేరు. యంత్రం జోలికి పోకముందు, ఓడిన ఆటను చేత్తో నోటుబుక్కులో రాయాలి. ఎత్తు వేసేటప్పుడు ఏమనుకున్నావు, అప్పటికి గడియారంలో ఎంత మిగిలింది, రెండూ రాయాలి. తన ఆటల్ని తనే నిర్దాక్షిణ్యంగా విశ్లేషించుకోవడం ఒకప్పటి ప్రపంచ ఛాంపియన్ బాట్విన్నిక్ శిక్షణలో ముఖ్య భాగం, అంటే ఇది మాస్టారు కనిపెట్టిందేమీ కాదు. మానేసేముందు ఈ ఒక్క పనీ చెయ్యమన్నాడాయన.

రెండు వారాలు కూర్చుని తొమ్మిది ఆటలు రాసింది. ఏడింటిలో కొంపముంచిన ఎత్తుకు నిమిషం కూడా తీసుకోలేదు. గడియారంలో మాత్రం బోలెడంత సమయం ఉంది. ఆ ఏడూ ఏదో ఒక పావును గెలుచుకున్న వెంటనే జరిగినవే! ఓడిపోతున్నప్పుడు చక్కగా ఆలోచించే పిల్ల, కాస్త పైచేయి కాగానే మనసులో ఆట ముగించేస్తోంది. మనిషి మాత్రం ఇంకా కుర్చీలోనే ఉంటోంది. ఇలాంటి జబ్బుకి ఎన్ని పజిళ్ళు చేయించినా మందు కాదు.

మా ఐటీ వాళ్ళకీ ప్రాజెక్టు చివర పోస్ట్‌మార్టమ్ అనే తంతు ఉంటుంది. అందులో ఎవరూ "నేను అప్పుడు ఇలా అనుకున్నాను" అని రాయగా నేను చూడలేదు. "కమ్యూనికేషన్ మెరుగుపడాలి" అని రాసి సంతకాలు పెట్టేస్తారు. చదరంగంలోనూ దాని పేరు పోస్ట్‌మార్టమే, కాకపోతే చంపినవాడే పక్కన కూర్చుని సాయం చేస్తాడు. "నువ్వు ఏనుగుని ఇటు జరుపుతావేమోనని భయపడి చచ్చాను" అని, కాసేపటి క్రితం మా అమ్మాయిని ఓడించిన కుర్రాడే చెప్పడం నేను విన్నాను.

ఓదార్చుదామని 2006లో బాన్ నగరంలో డీప్ ఫ్రిట్జ్ మీద ఆడుతూ, ఒక్క ఎత్తులో పడే ఆటకట్టును క్రామ్నిక్ చూసుకోలేదని చెప్పాను. అప్పుడాయన ప్రపంచ ఛాంపియన్. "ఆయనకి జట్టు లేదుగా నాన్నా" అంది. నా దగ్గర జవాబు లేదు.

మానెయ్యలేదు. ఫిబ్రవరిలో పియోరియాలో రాష్ట్ర పోటీలు. పావు గెలిచిన ప్రతిసారీ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చోమన్నాడు మాస్టారు. మూడో రౌండులో ఒక బంటు గెలిచింది, చేతులు అలాగే పెట్టుకుంది, ఆటా ఓడింది. రాత్రి హోటల్లో నోటుబుక్కు తెరిచి రాసింది: "ఆరు నిమిషాలు ఆలోచించాను. అయినా ఆ ఏనుగు కనబడలేదు."

ఆ ఎత్తు పక్కన ఈసారి ఒక్క ప్రశ్నార్థకమే పెట్టుకుంది.