పాలు పడ్డాయా?

అమీర్‌పేటలో ఓ లేడీస్ హాస్టల్లో వంట చేసే ఆమెను ఒక మే నెలలో పంజాగుట్టకు, మా ఎమర్జెన్సీకి తీసుకొచ్చారు. వాంతులు, మగత, సోడియం 114కి పడిపోయింది. మండుటెండల్లో, పొయ్యి ముందు కూడా స్వెట్టర్ విప్పదని వెంట వచ్చిన చెల్లెలు చెప్పింది. సంచీ నిండా పాత ల్యాబు రిపోర్టులు. అన్నిట్లోనూ టీఎస్‌హెచ్ నార్మలే. దాంతో ఎవరూ థైరాయిడ్ జోలికి పోలేదు.

"కాన్పప్పుడు రక్తం బాగా పోయిందా అమ్మా?"

"మస్తు పోయింది సారు. సీసాల మీద సీసాలు ఎక్కించిన్రు."

"పాలు పడ్డాయా?"

"చుక్క పడలే. పిల్లగానికి డబ్బా పాలే. అప్పటిసంది అక్కకు నెలసరి గూడ లేదు."

ఆ పిల్లవాడిప్పుడు పదో తరగతి.

ఈ జవాబులన్నీ వేలెత్తి చూపేది పీయూష గ్రంథినే. అది శనగగింజంత, బరువు అర గ్రాము చిల్లర. మెదడుకు నెత్తురు మోసే కెరోటిడ్ ధమనులు దానికి రెండు పక్కలా ఆనుకునే పోతాయి. అయినా, ఎక్కువ హార్మోన్లు తయారుచేసే ముందు భాగానికి వాటి నుంచి నేరుగా అందేది దాదాపు శూన్యం. పై హైపోఫిసియల్ ధమనుల రక్తం మొదట హైపోథాలమస్ అడుగున సన్నటి కేశనాళికల్లో తిరిగి, అక్కడి ఆదేశాలను కలుపుకొని, పోర్టల్ సిరల్లో గ్రంథి కాడ వెంట కిందికి దిగుతుంది. కాలవ చివరి ఆయకట్టుకు నీళ్లొచ్చినట్టు, పీడనం అంతంత మాత్రం. గర్భిణిలో ప్రోలాక్టిన్ కణాలు పెరిగి గ్రంథి ఉబ్బుతుంది, అవసరం పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే కాన్పులో బీపీ పడిపోతే ముందు భాగం చచ్చిపోతుంది. వెనక భాగానికి కింది హైపోఫిసియల్ ధమని సొంతంగా ఉంది కాబట్టి అది చాలావరకు బతికిపోతుంది. అప్పట్లో గ్లాస్గోలో పనిచేస్తున్న పాథాలజిస్టు షీహన్ 1937లో వివరించిన జబ్బు ఇదే. సంపన్న దేశాల్లో అరుదైపోయింది, మన వార్డుల్లో కాదు. (రక్తపింజర కాటు తర్వాత కూడా కొందరిలో ఈ గ్రంథి ఇలాగే దెబ్బతింటుంది. పొలం పనివాళ్లను ఆ ప్రశ్నా అడగాలి.)

టీఎస్‌హెచ్‌ను తయారుచేసేదే ఈ గ్రంథి. అదే పాడైనప్పుడు ఆ అంకె నార్మల్‌గా కనిపించినా నమ్మకూడదు, ఫ్రీ టీ4 చూడాలి. ఆమెకది బాగా తక్కువ. కార్టిసాల్ దాదాపు లేదు. ఎంఆర్‌ఐలో గ్రంథి ఉండాల్సిన గుంట ఖాళీ. ఇలాంటప్పుడు థైరాయిడ్ మాత్ర ముందిస్తే ప్రాణం మీదికొస్తుంది. అందుకే రిపోర్టుల కోసం ఆగకుండా హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ మొదలుపెట్టాం. మర్నాటికి లేచి కూర్చుని ఉప్మాలో ఉప్పు చాల్లేదంది. థైరాక్సిన్ ఆ తర్వాతే.

జ్వరమొస్తే స్టెరాయిడ్ మాత్ర రెట్టింపు వేసుకోవాలని, వాంతులైతే వెంటనే ఇంజెక్షన్‌కు రావాలని తెలుగులో రాసిచ్చాం. ఒక కాగితం ఆమె దగ్గర, ఇంకొకటి హాస్టల్ వార్డెన్ దగ్గర.