చెట్టు మీద రాత

పోయిన వేసవిలో మా అబ్బాయి దగ్గరికి స్కాట్లండు వెళ్ళాను. ఒకనాడు పడమటి సముద్రతీరాన హేజెల్ చెట్ల తోపులో తిరుగుతూండగా మనవడు, "తాతయ్యా, చెట్టుమీద ఎవరో రాశారు!" అన్నాడు.

నున్నని బెరడుమీద సున్నం పూసినట్టు తెల్లని పొర. దానిమీద తెలియని లిపిలాగా నల్లని గీతలు. అది లైకెన్. వాడు గోటితో గీకబోతే చెయ్యి పట్టుకున్నాను. బడిలో పనిచేసే రోజుల్లో, మామిడిచెట్లమీది ఇలాంటి మచ్చలను తెగులనుకుని పిల్లలచేత గీకించినవాణ్ణి నేనే! నిజానికి లైకెన్ చెట్టు రసం పీల్చదు; బెరడుమీద చోటు మాత్రమే తీసుకుంటుంది.

1753లో స్వీడన్ పండితుడు లిన్నేయస్ ఈ "రాత లైకెన్"కు పేరు పెట్టి, నాచులతో చేర్చాడు. 1809లో ఆయన శిష్యుడు అకేరియస్ దీన్ని గ్రాఫిస్ ప్రజాతిలోకి మార్చాడు. అలా గ్రాఫిస్ స్క్రిప్టా అయింది. లైకెన్‌లో ఉన్నవి రెండు జీవులని 1867లో స్విస్ శాస్త్రవేత్త ష్వెండెనర్ చెప్పాడు. ఇల్లు కట్టేది శిలీంధ్రం, ఎండతో వంట చేసేది నాచు. ఇప్పుడు దీన్ని ఆ శిలీంధ్రాన్నిబట్టే వర్గీకరిస్తారు. నల్లని గీతలు శిలీంధ్రం సిద్ధబీజాలు తయారయే చోట్లు.

ఊరికి రాగానే మా పాత బడికి వెళ్ళాను. మామిడి మానులమీద తెల్లమచ్చలు మళ్ళీ కనిపించాయి. ఈసారి పిల్లల చేతికి భూతద్దం ఇచ్చాను.