నీలిమందు నీళ్లలో కెమెరా

నేను నీళ్ల కింద తీసిన మొదటి ఫోటోలు చూసి మా అమ్మమ్మ ఒకే మాట అంది. "ఏటే ఇది, నీలిమందు బకెట్లో తీసేవా?"

తెల్ల బట్టలు ఉతికాక ఆఖరి నీళ్లలో కొన్ని చుక్కలు కలుపుతారు, అదే నీలిమందు. ఆ మాట నాకూ ఆ రోజే తెలిసింది. అమ్మమ్మ అన్నది నిజమే. పెర్హెన్తియన్ దీవుల దగ్గర రెండు రోజుల్లో మూడు వందల ఫోటోలు తీశాను. చేప నీలం, పగడం నీలం, మా అన్నయ్య మొహం కూడా నీలం.

ఇది కెమెరా తప్పు కాదు. నీళ్లు వెలుగులోని ఎరుపును అన్నిటికంటే ముందు మింగేస్తాయి. ఐదు మీటర్ల లోతుకే ఎరుపు చాలావరకు పోతుంది. తర్వాత నారింజ, ఆ తర్వాత పసుపు. లోతు ఒక్కటే కాదు, దూరం కూడా లెక్కే. చేప మీద పడిన వెలుగు మళ్లీ నీళ్లలోంచే నా దాకా రావాలి కదా. మధ్యలో ఎన్ని నీళ్లుంటే అంత రంగు పోతుంది. అందుకే నీళ్ల కింద జూమ్ చేసి లాభం లేదు, దగ్గరికి వెళ్లాలి. ఈ ఒక్క సంగతి ముందే తెలిసి ఉంటే నా ఆరు నెలల ఆలోచన ఆరు రోజుల్లో అయిపోయేది.

నా దగ్గర 2,500 రింగిట్లు ఉన్నాయి. నాకది ఏడాది పొదుపు. మిర్రర్‌లెస్ కెమెరా గురించి కలలు కన్నాను కానీ, దానికి వేసే నీళ్లు చొరని పెట్టె (హౌసింగ్ అంటారు) చాలాసార్లు కెమెరా కంటే ఎక్కువ ధర. ఫోనుకి ప్లాస్టిక్ సంచి చవకే, కానీ నీళ్లలో టచ్ స్క్రీన్ పనిచేయదు. మొదటిసారి నేను అరువు తీసుకున్నది గోప్రో. పది మీటర్ల దాకా పెట్టె లేకుండా దిగుతుంది, వీడియోకి చాలా బాగుంటుంది. అయితే చాలా దగ్గరి వస్తువులు మసకగా వస్తాయి. నాకేమో చిన్న ప్రాణులంటే పిచ్చి.

చివరికి ఒలింపస్ టీజీ-6 తీసుకున్నాను, వాడినదే. 2019లో వచ్చిన మోడల్. లెన్సుకి ఒక సెంటీమీటరు దూరంలో ఉన్నదాన్ని కూడా స్పష్టంగా తీస్తుంది. రా ఫైలు ఇస్తుంది కాబట్టి ఇంటికొచ్చాక రంగు కొంత సరిచేసుకోవచ్చు. కెమెరా ఒక్కటే 15 మీటర్ల దాకా తట్టుకుంటుంది. కానీ నా డైవింగ్ సర్టిఫికెట్ 18 మీటర్లకి. ఆ మూడు మీటర్ల కోసం పెట్టె కూడా కొన్నాను, అది 45 మీటర్లు తట్టుకుంటుంది. డైవింగ్ మానేసిన ఒకాయన దగ్గర క్లాంగ్‌లో రెండూ కలిపి 1,700కి దొరికాయి.

వాడిన పెట్టె కొంటే ఒక పని తప్పకుండా చేయండి. లోపల కెమెరా బదులు టిష్యూ కాగితం పెట్టి, బకెట్లో ముంచి, పైన బరువు పెట్టండి. ఒక గంట తర్వాత కాగితం పొడిగా ఉండాలి. తర్వాత మొదటి డైవ్‌కి కూడా ఖాళీ పెట్టెనే తీసుకెళ్లండి, ఎందుకంటే బకెట్లో లోతు ఒత్తిడి ఉండదు. మూతకి ఉండే ఓ-రింగ్ అనే రబ్బరు వలయం మీద ఒక్క వెంట్రుక ఉన్నా నీళ్లు లోపలికి రావచ్చు. (నా బకెట్ అమ్మమ్మదే. నీలిమందు వేస్తావా అని అడిగింది.)

800 మిగిలాయి. 300 పెట్టి ఒక చిన్న వీడియో లైటు కొన్నాను. అది అరచేయి దూరంలో ఉన్నవాటికే సరిపోతుంది. అసలు కావలసింది స్ట్రోబ్, అంటే నీళ్లలో వాడే పెద్ద ఫ్లాష్. వాడినది కూడా 1,200 చెప్పారు. మిగిలిన 500కి ఇంకో నాలుగు నెలలు కూడబెట్టాలనుకున్నాను.

ఆగస్టులో మళ్లీ పెర్హెన్తియన్ వెళ్లాను. తొమ్మిది మీటర్ల లోతులో ఒక క్లౌన్ ఫిష్ కనిపించింది. దగ్గరికి, ఇంకా దగ్గరికి. తెర మీదే నా కళ్లు. నడుము కిందికి జారింది, కాలికున్న రెక్క వెనక దేనికో తగిలింది. నీళ్లలో కూడా ఆ చప్పుడు వినిపించింది. తిరిగి చూస్తే కొమ్మల పగడం ఒకటి విరిగి ఇసుక మీద పడి ఉంది, నా చేయంత పొడవు. విరిగిన చోట తెల్లగా ఉంది. అలాంటి పగడాలు ఏడాదికి కొన్ని సెంటీమీటర్లే పెరుగుతాయి. మా గైడు తిట్టలేదు. అరచేయి పైకి ఊపి, పైకి జరగమని సైగ చేశాడు, అంతే. ఆ ఫోటో కూడా మసకగానే వచ్చింది.

స్ట్రోబ్ డబ్బులో 450 పెట్టి బోయన్సీ క్లాసులో చేరాను. తెలుగులో దీన్ని ఏమంటారని వెతికితే "ఉత్ప్లవనం" అని దొరికింది. ఆ మాట నా నోటికి తిరగలేదు. అమ్మమ్మకి చేతులతో చూపిస్తే, "మునగకుండా, తేలకుండా మధ్యలో ఉండడమా" అంది. అదే. ఊపిరి పీలిస్తే కొంచెం పైకి, వదిలితే కొంచెం కిందికి. కాళ్లు కదపకుండా ఒకే చోట నిలవడానికి నాకు నాలుగు డైవ్‌లు పట్టింది. కెమెరా ముట్టుకోనివ్వలేదు. అప్పుడు కోపం వచ్చింది.

ఐదో డైవ్‌లో గుల్ల లేని ఒక సముద్రపు నత్తని తీశాను. న్యూడిబ్రాంక్ అంటారు, నా చిటికెన వేలి గోరంత. లైటు లెన్సు పక్కనే పెడితే నీళ్లలోని నలుసులన్నీ వెలిగి మంచు కురిసినట్టు కనిపిస్తాయి. అందుకే ఎడమ చేతిలో పట్టుకుని పక్కనుంచి వేశాను. నత్త పసుపు పసుపుగానే, నారింజ నారింజగానే వచ్చింది. అమ్మమ్మ ఫోను కళ్లకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. "దీనికి కళ్లెక్కడున్నాయే?" అంది.

ఆ డైవ్‌లోనే విరిగిన పగడం దగ్గరికీ వెళ్లాను. తెల్లగా ఉన్న చోట ఆకుపచ్చ నాచు పట్టింది. దాన్నీ ఫోటో తీశాను. బాగా వచ్చింది. అది మాత్రం అమ్మమ్మకి ఇంకా చూపించలేదు.